బోరు బండిని పిలిచే ముందు

అనంతపురంలో వానలే తక్కువ, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పైగా చాలాచోట్ల కింద గట్టిరాయి, నీళ్లుండేది పగుళ్లలోనే. పక్క చేనులో పడ్డాయని మన చేనులోనూ పడతాయనుకోవద్దు.

- ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో, ఎంత ఖర్చు దాటకూడదో బండి రాకముందే కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. తెల్లటి దుమ్ము లేస్తూ రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే, "ఇంత దూరం వచ్చినాం, ఇంకో వంద అడుగులు ఏద్దాం అన్నా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ టెన్షన్‌లో కాదనడం కష్టం. పోయిన డబ్బు ఎలాగూ రాదు. ఆ వందలో నీళ్లు పడే అవకాశమెంత అన్నదే చూడాలి. పెట్టిన ఖర్చు చూసి ఆగలేకపోయే ఈ బలహీనతపై ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు 1985లోనే రాశారు.

- నీళ్లు పడిన బోర్ల గురించే ఊరంతా చెప్పుకుంటుంది. ఎండినవెన్నో మీరే అడగండి.

- టెంకాయతో పాయింట్ చూపించుకుంటారా, మీ ఇష్టం. భూగర్భ జలశాఖ వాళ్లనూ అడగండి.

- 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోండి.

- అప్పు చేతికొచ్చిన రోజే బండికి ఫోన్ చేయొద్దు. ఒక రాత్రి ఆగండి.