లావు చూసి వైరు కొనకండి

విశాఖపట్నం పెదవాల్తేరులో నాది చిన్న రిపేరు కొట్టు. మొన్న ఒకావిడ ఇస్త్రీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏటి బాబూ, వైరు మార్చి నెల్లాళ్ళు కాలేదు, పట్టుకుంటే చెయ్యి కాల్తంది" అంది. చూడ్డానికి నా చిటికెన వేలంత లావుంది వైరు. కోసి చూస్తే అంతా ప్లాస్టిక్కే. ఒక్కో కోరులో, అంటే లోపలి ఒక్కో తీగలో, పోగులు పదకొండు. 0.75 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరంటే మామూలుగా 0.2 మిల్లీమీటర్ల పోగులు 24 ఉండాలి. ఆ పదకొండైనా రాగివా అంటే, బ్లేడుతో గీకితే ఎరుపు పోయి తెల్లగా బయటపడింది. అల్యూమినియానికి రాగి పూత!

కొట్లో వైరు కోసి చూడనివ్వరు కదా. అందుకే నేను డాబాగార్డెన్స్‌లో కొన్నా, పూర్ణా మార్కెట్‌లో కొన్నా ఒకే పొడవున్న రెండు రకాలు చెరో చేతిలో పట్టుకుని బరువు చూస్తాను. అల్యూమినియం వైరు తేలిపోతుంది. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి ప్లగ్గు పిన్నులకి తాకిస్తాను. ఇత్తడికి అంటుకోదు, గట్టిగా పట్టేసిందంటే ఇనుముకి పూత వేశారన్నమాట. కొట్టువాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

ఐఎస్ఐ గుర్తు ఎవడైనా అచ్చేసుకోగలడు. దాని దగ్గరుండే సీఎం/ఎల్ నంబరుని, అంటే లైసెన్సు నంబరుని, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. అక్కడ వచ్చే కంపెనీ పేరు, వైరు మీద పేరు ఒకటేనా చూడండి. పీవీసీ (ప్లాస్టిక్) తొడుగున్న వైరుకి ఐఎస్ 694, ప్లగ్గుకి ఐఎస్ 1293 అని ఉంటుంది. బొటనవేలితో రుద్దితే చెరిగిపోయే అచ్చుని నేను నమ్మను.

ఏ వస్తువుకి ఎంత కరెంటు మోసే వైరు కావాలో తెలియాలంటే దాని వెనక రాసిన వాట్లని 230తో, అంటే మన ఇళ్ళకొచ్చే ఓల్టులతో భాగించండి. మిక్సీ 750 వాట్లు, అంటే మూడు ఆంపియర్ల పైచిలుకు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 లాగుతుంది. దానికి 6 ఆంపియర్ల ప్లగ్గు బిగించి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి పండక్కి అరిసెలు వండితే బాక్సే ముందు వేగుతుంది. ఇస్త్రీ పెట్టెకి మాత్రం నూలు అల్లిక ఉన్న రబ్బరు వైరే వేయించండి, పీవీసీ అయితే వేడి అడుగు తగిలితే కరిగిపోతుంది.

ఎర్త్ సంగతి ఇంకో మోసం. ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి, లోపల వైర్లు రెండే! ప్లగ్గు బోర్డులోంచి తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, ఒక ముల్లు లావు పిన్నుకి, ఇంకోటి పెట్టె ఇనప భాగానికి రంగు లేనిచోట తాకించండి. మోగకపోతే ఆ వస్తువు వాడకండి. చదరంలో చదరం బొమ్మ ఉన్న వస్తువులకి ఎర్త్ అక్కర్లేదు, వాటిని వదిలేయండి. అలా బీప్ మోగుతుండగానే వైరు ప్లగ్గు దగ్గరా, పెట్టెలోకి దూరే దగ్గరా అటూ ఇటూ వంచండి. ఆగి ఆగి మోగితే లోపల పోగులు తెగుతున్నట్టే. మిగతా రెండు కోర్లనీ అలాగే చూడాలి.

మన ఊరికి సముద్రం ఇచ్చే బాధ వేరు. లాసన్స్ బే వైపు ఇళ్ళ నుంచి వచ్చే ప్లగ్గులకి పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. సాకెట్టు సరిగ్గా పట్టక, నిప్పురవ్వలొచ్చి, అక్కడే వేడెక్కుతుంది. నెలకోసారి ప్లగ్గు తీసి సన్న ఉప్పుకాగితంతో రుద్ది తుడవండి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత నీళ్ళలో నానిన మిక్సీలు మా కొట్టుకి వరసకట్టాయి. పైన ఎండిపోయాయి గానీ, వైరు కోస్తే జానెడు లోపలిదాకా రాగి నల్లబడి ఉంది. కొంతమందికి ఎరుపు కనపడేదాకా కోసి కొత్త ప్లగ్గు వేశాను, చాలామందికి వైరే మార్చాల్సొచ్చింది.

కొత్త వైరు వేశాక పది నిమిషాలు నడిపి, ప్లగ్గు తీసి పిన్నుల పక్కన అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చన పరవాలేదు. చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ రోజే తిరిగిచ్చేయండి. పాత వైరు పారేసేటప్పుడు ప్లగ్గు కత్తిరించి పడేయండి. ఆ ఇస్త్రీ పెట్టె వైరుని నేను నాలుగు ముక్కలు చేశాకే చెత్తబుట్టలో వేశాను.