మీరు తీయలేకపోయిన ఫొటో ఏది? కెమెరా కొనే ముందు ఒక లెక్క

తెనాలిలో స్టూడియో పెట్టి పదమూడేళ్లయింది. పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "అక్కా, ఆర్50 సరిపోతుందా, అప్పు చేసైనా ఆర్7 కొననా?" ఈసారి అడిగింది మా దగ్గరే అసిస్టెంటుగా చేస్తున్న కుర్రాడు. వాడితో చేయించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. నేను వాడేది కానన్ కాబట్టి ఆ పేర్లే ఎక్కువ వస్తాయి: ఆర్50, ఆర్10, ఆర్7 లోపల అద్దం లేని కొత్త తరం (మిర్రర్‌లెస్) కెమెరాలు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు; 1500డి అద్దం ఉండే పాత తరం (డీఎస్‌ఎల్‌ఆర్). వేరే కంపెనీ వాడేవాళ్లు కూడా ఇలాగే చూసుకోవచ్చు.

"నువ్వు తీసినవాటిలో చెడిపోయిన ఫొటోలు ఇరవై ఏరుకుని రా" అన్నాను. వాడిది 1500డి, దాంతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ (కిట్ లెన్స్ అంటాం). ఇద్దరం కూర్చుని ఒక్కోటీ ఎందుకు పోయిందో చూశాం. పదమూడు తక్కువ వెలుతురులో కదిలిపోయినవి. నాలుగింటిలో ఫోకస్ మనిషిని వదిలి వెనక మండపం మీద పడింది. మిగిలిన మూడూ సెట్టింగ్ సమయానికి మార్చలేక తెల్లగా మాడిపోయినవి.

ఆ పదమూడింటికి కొత్త కెమెరా అక్కర్లేదు, లెన్స్ కావాలి. కిట్ లెన్స్ 50 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది). 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి పంపిస్తుంది. షట్టర్ సెకనులో 20వ వంతు సేపు తెరుచుకుని వణికిన ఫొటోను అదే వెలుతురులో దాదాపు 200వ వంతుతో తీయొచ్చు. మొదటి కెమెరా కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: డబ్బంతా బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టకండి, ఈ లెన్స్‌కు ముందే పక్కన తీసి ఉంచండి.

బొమ్మ నాణ్యత గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. 1500డి, ఆర్50, ఆర్10 మూడింటిలోనూ ఒకే సైజు (ఏపీఎస్-సీ), సుమారు 24 మెగాపిక్సెల్ సెన్సరే. అంటే 6000 × 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 × 13 అంగుళాల ప్రింట్ వస్తుంది. పగటి వెలుతురులో పెళ్లికూతుర్ని కిటికీ దగ్గర నిలబెట్టి తీసి, ఆల్బమ్ షీట్ మీద వేసి చూపిస్తే ఏది ఏ కెమెరాదో నేను కూడా చెప్పలేను.

మరి ఎక్కువ డబ్బు దేనికి? మొదటిది, చేతికి అందే డయళ్లు. జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర తీసే క్షణం గుర్తుచేసుకోండి. సరిగ్గా అప్పుడే వీడియోవాళ్లు లైటు వేస్తారు, వెలుతురు ఒక్కసారిగా పెరిగిపోతుంది. 1500డిలో మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ మార్చాలంటే వెనకున్న ఏవీ బటన్ నొక్కిపట్టి డయల్ తిప్పాలి. ఆర్50కీ ఒకటే డయల్. ఆర్10, ఆర్7లలో షట్టర్‌కొకటి, అపర్చర్‌కొకటి ఉంటాయి, కన్ను తీయకుండా మార్చుకోవచ్చు. కుర్రాడి మాడిపోయిన మూడు ఫొటోలూ ఇలాంటి చోటే పోయాయి. ఫోకస్ తప్పిన నాలుగింటికి మాత్రం మిర్రర్‌లెస్ మంచి మందు, మనిషి కన్నును అదే పట్టుకుంటుంది. ఈ సౌకర్యం చిన్న ఆర్50లో కూడా ఉంది.

రెండోది, కార్డు స్లాట్లు. ఇది చెప్పేటప్పుడు నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2017లో ఒక పల్లెటూరి పెళ్లికి ఒకే స్లాట్ ఉన్న కెమెరాతో వెళ్లాను. తలంబ్రాలయ్యాక కార్డు ఎర్రర్ చూపించింది. రికవరీలో కొన్ని వచ్చాయి, తలంబ్రాల ఫొటో ఒక్కటీ రాలేదు. పెళ్లికూతురి నాన్నగారికి ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నేను డబ్బు వెనక్కిచ్చేశాను. అప్పట్నుంచి రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసుకునే కెమెరా లేకుండా మెయిన్ ఫొటోగ్రాఫర్‌గా ఒప్పుకోలేదు. ఆర్7కి రెండు స్లాట్లున్నాయి. పెద్ద కెమెరా అనగానే రెండుంటాయని అనుకోకండి: కానన్ 90డి, నికాన్ డి7500 రెండింటికీ ఒక్కటే.

బరువు దగ్గర చాలామంది తప్పు లెక్క వేస్తారు. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్50 375 గ్రాములు, ఆర్7 612. ఊళ్లు తిరగడానికి, పిల్లల ఫొటోలకు చిన్నదే హాయి. కానీ దూరానివి దగ్గరగా చూపే, కిలోన్నర దాకా బరువుండే 70-200 ఎఫ్/2.8 లెన్స్ తగిలిస్తే చిన్న బాడీకి పట్టు దొరకదు. నాది చిన్న చెయ్యి, అయినా ఆ లెన్స్‌తో పెద్ద బాడీ పట్టుకున్న రాత్రే మణికట్టు తక్కువ నొప్పి పెడుతుంది.

షాపులో ఎవరూ చెప్పని విషయం ఫ్లాష్. 1500డి హాట్‌షూలో (పైన ఫ్లాష్ తగిలించే చోట) మధ్య పిన్ను ఉండదు, దాని మీద ఆధారపడే చవక ట్రిగ్గర్లు (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించేవి) పనిచేయవు. ఆర్50 షూ కొత్త రకం, పాత కానన్ ఫ్లాష్ పెట్టాలంటే విడిగా అడాప్టర్ కొనాలి. మీ ఫ్లాష్ వెంట తీసుకెళ్లి పెట్టి చూశాకే డబ్బు కట్టండి. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి3500 చూస్తుంటే ఇంకొకటి: దానిలో ఫోకస్ మోటారు లేదు, పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లాంటి లెన్స్‌లకు చేత్తోనే ఫోకస్ చెయ్యాలి.

షాపులో మీ సొంత కార్డు వేసుకోండి. వెలుతురు తక్కువగా ఉన్న మూలకు వెళ్లి, వెంట వచ్చినవాళ్లను మీ వైపు నడవమని వరసగా తీయండి. కన్ను వ్యూఫైండర్‌కు ఆనించే ఉంచి షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురును గ్రహించే స్థాయి) మార్చడానికి ప్రయత్నించండి. ఎలక్ట్రానిక్ (శబ్దం లేని) షట్టర్‌తో ఎల్‌ఈడీ లైట్ల కింద కూడా ఒకటి తీసి చారలు పడుతున్నాయేమో చూడండి. ఆ ఫొటోలు ఇంటికి తెచ్చుకుని పెద్ద స్క్రీన్ మీద చూసి మర్నాడు నిర్ణయించుకోండి.

ఇంటి వేడుకలకూ ప్రయాణాలకూ అయితే ఆర్50, దాంతో 50 ఎంఎం. పక్క ఫొటోగ్రాఫర్‌గా పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లకు ఆర్10. పెళ్లి బాధ్యత మొత్తం మీదే అయితే రెండు స్లాట్లున్నది కొనండి, లేదా ఆ రోజుకి అద్దెకు తెచ్చుకోండి. అప్పు చేసి మాత్రం వద్దు.

మా కుర్రాడు 1500డినే ఉంచుకుని 50 ఎంఎం కొన్నాడు. మాఘమాసం పెళ్లిళ్లకు నా రెండో బాడీ ఇస్తానన్నాను. సీజన్ అయ్యాక మళ్లీ ఇరవై ఏరుకుని రమ్మన్నాను. వాటిలో డయల్ అందక పోయినవి ఎన్నో చూసి ఆర్10 మాట ఆలోచిస్తాం.