చపాతీ చేతులతో సోడా బ్రెడ్

ఐర్లండ్‌లోని కార్క్ వచ్చిన మొదటి చలికాలంలో నా తొలి సోడా బ్రెడ్, అంటే ఈస్ట్ లేకుండా వంటసోడాతో పొంగించే ఇక్కడి రొట్టె, పట్టుకెళ్లి పక్కింటావిడకి చూపించాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "తలుపుకి అడ్డం పెట్టుకోవచ్చు" అంది. ఎనభై దాటిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ వారానికి నాలుగైదుసార్లు ఈ రొట్టె చేస్తూ వచ్చిన చెయ్యి.

"ఎంతసేపు పిసికావు అమ్మాయ్?" అనడిగింది. కార్క్‌లో ఆడవాళ్లని వయసుతో పనిలేకుండా "గర్ల్" అనేస్తారు. నలభై దాటినదాన్ని, నాకు బాగానే ఉంటుంది.

"పది నిమిషాలు" అన్నాను గొప్పగా. ఆవిడ తల పట్టుకుంది.

తప్పు నా చేతులది. ఇరవయ్యేళ్లుగా చపాతీ పిండి కలిపిన చేతులు. తడిసిన పిండి కనబడితే చాలు, మర్దించెయ్యాలని దురద పెడతాయి. ఎంత పిసికితే అంత మెత్తన అని నేర్చుకున్నాం కదా. ఇక్కడ సరిగ్గా అదే కొంప ముంచుతుంది. ఎక్కడ చెయ్యి తీసెయ్యాలో తెలిస్తే సోడా బ్రెడ్ వచ్చేసినట్టే.

కావలసినవి నాలుగే. 450 గ్రాముల మైదా, టీస్పూను ఉప్పు, టీస్పూను వంటసోడా, 350 నుంచి 400 మి.లీ. బటర్‌మిల్క్. సోడా మాత్రం స్పూను మీద గోపురం లేకుండా కత్తితో గీసి కొలవండి. గుడ్డు లేదు, పంచదార లేదు, ఈస్ట్ లేదు.

మైదాలో కాస్త చూసుకోవాలి. ఐర్లండ్ దుకాణాల్లో "ప్లెయిన్" అనో "క్రీమ్ ఫ్లోర్" అనో రాసి ఉన్నదే తీసుకోండి. "స్ట్రాంగ్" అని ఉంటే అది ఈస్ట్ రొట్టెలకి, గ్లూటెన్ అనే సాగే జిగురు ఎక్కువ. "సెల్ఫ్ రైజింగ్" అంటే పొంగించే పొడి ముందే కలిపేసిన పిండి, అది అసలే వద్దు. ఈ తడి వాతావరణంలో పండే గోధుమ మెత్తరకం, గ్లూటెన్ తక్కువ. ఈస్ట్‌తో సాగి పొంగే రొట్టెకి అది అంతగా లొంగదు. 1830, 40ల్లో వంటసోడా అందుబాటులోకి వచ్చాక ఈ పిండికి సరైన జోడీ దొరికింది. చాలా పల్లె ఇళ్లలో అవెన్ ఉండేది కాదు. బాస్టిబుల్ అనే మూతున్న ఇనప కుండని పొయ్యి మీద వేలాడదీసి, మూత మీద కూడా పీట్ (ఎండబెట్టిన బురదనేల మట్టి, ఇక్కడి వంటచెరకు) నిప్పులు పేర్చి, పైనా కిందా సెగతో కాల్చేవారు. పక్కింటావిడ వాళ్ల అమ్మ అలాగే చేసేదట.

ఇక్కడివాళ్లు "బ్రెడ్ సోడా" అనేది మన వంటసోడానే. బేకింగ్ పౌడర్ వేరు. దాని పులుపు దానిలోనే ఉంటుంది. వంటసోడాకి పులుపు బయటినుంచి రావాలి, ఆ పని బటర్‌మిల్క్‌ది. పూర్వం వెన్న చిలికాక కుండలో మిగిలిందే ఇది, అంటే అచ్చంగా మన మజ్జిగే. ఇప్పుడు అట్టడబ్బాల్లో దొరికేది వెన్న తీసిన పాలని తోడుపెట్టి పులియబెట్టింది, కాస్త చిక్కన. దొరక్కపోతే పుల్లపెరుగుని పాలతో పల్చన చేసుకోండి. దాహానికి తాగే నీళ్లమజ్జిగ మాత్రం పోయకండి. పులుపు చాలదు, రొట్టె లేవదు.

ఇక పని. ముందు అవెన్ వెలిగించండి, 230 డిగ్రీలు. ఫ్యాన్ ఉన్నదైతే 210. అది పూర్తిగా వేడెక్కేదాకా మజ్జిగ సీసా మూత కూడా తియ్యొద్దు. సోడాకి పులుపు తగిలిన క్షణం నుంచే గాలిబుడగలు పుట్టడం మొదలవుతుంది. ఇడ్లీపిండిలా రాత్రంతా ఓపిక పట్టే రకం కాదిది. కలిపిన ముద్దని గట్టుమీద వదిలి ఫోనెత్తితే, మీరు మాట్లాడినంతసేపూ గాలి పోతూనే ఉంటుంది.

సోడాని అరచేతిలో పోసుకుని బొటనవేలితో నలిపి, ఉండల్లేకుండా చేసి, పిండి, ఉప్పుతో కలిపి జల్లించండి. నేను ఒకసారి బద్ధకించాను. కోసి చూస్తే లోపల పసుపుపచ్చ మచ్చలు, నోట్లో పెట్టుకుంటే సబ్బు. ఎక్కువైనా అదే రుచి. బాగా పొంగుతుందని ఇంకో అరస్పూను వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకండి.

కలపడం ఎలాగో ఆవిడ వంటింట్లో పక్కన నిలబడి చూశాను. ఉంగరం తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. వెడల్పాటి గిన్నెలో పిండి మధ్య గుంట చేసి, 350 మి.లీ. మజ్జిగ ఒకేసారి పోసింది. ఎడంచేత్తో గిన్నె పట్టుకుంది. కుడిచేతి వేళ్లు కోడికాలిలా విడదీసి, బిగబట్టి, మధ్యలోంచి అంచులకి గుండ్రంగా తిప్పడం మొదలెట్టింది. వేళ్లు వంచదు, గుప్పిట ముడవదు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది చుట్లు. గిన్నె అడుగున పొడిపిండి మిగిలితే ఇంకో రెండు గుక్కల మజ్జిగ అక్కడే పోసి మరో చుట్టు తిప్పింది. ముద్ద ఇంకా గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంది. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆవిడ నా మణికట్టు మీద ఒక్కటేసింది.

ముద్ద ఎలా ఉండాలంటే, చపాతీ పిండి కంటే బాగా మెత్తగా, గారెల పిండి కంటే కాస్త గట్టిగా. చేతికి కొంచెం అంటుకుంటుంది, అంటుకోనివ్వండి. ఇప్పుడు చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకోండి. తడిచేత్తో ముట్టుకుంటే వేళ్లకి పట్టేసి, వదిలించుకోవడానికి ఇంకాస్త పిండి చల్లుతారు, అది ముద్దలోకి పోతుంది. గట్టుమీద పిండి చల్లి, ముద్దని దానిమీదకి వంచి, అంచుల్ని లోపలికి తోస్తూ గుండ్రంగా సర్దండి. పసిపిల్లకి దుప్పటి చుట్టినట్టు ఉండాలి, అంతకంటే బలం వద్దు. తిరగేసి, నాలుగు సెంటీమీటర్ల ఎత్తుండేలా మెల్లగా తట్టి, పిండి చల్లిన ట్రేలో పెట్టండి.

తర్వాత శిలువ గాటు. పెద్ద కత్తితో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, లోతుగా, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. పైపైన గీత గీసి వదిలేస్తే లాభం లేదు. మధ్యభాగం మందంగా ఉంటుంది కాబట్టి గాటులోంచే సెగ లోపలికి వెళ్తుంది, రొట్టె విచ్చుకోవడానికీ చోటు దొరుకుతుంది. రొట్టెని దీవించినట్టని కొందరంటారు. నాలుగు ముక్కల మీదా కత్తిమొనతో ఒక్కో పోటు కూడా పొడవాలి. అది దేవకన్యలు బయటికి పోవడానికి. ఐరిష్ దేవకన్యలు మన కథల్లోవాళ్లలా వరాలిచ్చే రకం కాదు, లోపల ఇరుక్కుంటే రొట్టెకి కీడు. పక్కింటావిడ దీన్ని నమ్ముతుందో లేదో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఒక్కనాడు కూడా మానలేదు మరి.

230లో పదిహేను నిమిషాలు, తర్వాత 200కి తగ్గించి ఇంకో అరగంట. ఫ్యాన్ అవెన్ అయితే 180. చివరి ఐదు నిమిషాలకి రొట్టెని తలకిందులు చేస్తే అడుగు కూడా గట్టిపడుతుంది. అయిందో లేదో తెలియడానికి అడుగుభాగాన వేలి కణుపుతో కొట్టండి. డోలు కొట్టినట్టు బోలుగా మోగాలి. చప్పుడు మొద్దుగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. బాస్టిబుల్ సరదా తీర్చుకోవాలంటే, మూతున్న మందపాటి ఇనప గిన్నెని అవెన్‌లోనే వేడిచేసి, అందులో మొదట అరగంట మూతపెట్టి, ఆపైన మూత తీసి రంగు వచ్చేదాకా కాల్చండి. దింపేటప్పుడు జాగ్రత్త, మణికట్టు మీద నాకింకా మచ్చ ఉంది.

పైన కరకరలాడాలంటే జాలీ మీద చల్లారనివ్వండి. మెత్తగా కావాలంటే శుభ్రమైన తువ్వాలులో చుట్టి పెట్టండి. మా ఇంట్లో రెండో పద్ధతే, పిల్లలు గట్టి అంచులు వదిలేస్తారు. పొగలు పోయాక కొయ్యండి, మరీ వేడిమీద కోస్తే లోపల ముద్దముద్దగా చితుకుతుంది. ఉప్పు వెన్న కొసరకుండా రాసి, పక్కన చిక్కటి టీ.

ముడిగోధుమ రొట్టె కావాలంటే మైదాలో సగం తీసేసి, ముతక గోధుమపిండి వేసి, మజ్జిగ కాస్త పెంచితే చాలు. దాన్నే ఇక్కడ బ్రౌన్ బ్రెడ్ అంటారు, నాకు తెల్లదానికంటే అదే ఇష్టం. ఎండుద్రాక్ష, కాస్త పంచదార వేస్తే పేరు మారిపోయి "స్పాటెడ్ డాగ్" అవుతుంది. సెయింట్ పాట్రిక్ పండక్కి అమెరికాలో వెన్న, గుడ్లు, సోపులాంటి కారవే గింజలు వేసి చేసేదాన్ని చూపిస్తే, "కేకు బాగుంది" అంది పక్కింటావిడ. ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వైపు అవెనే పెట్టరు. ఇదే ముద్దని పల్చగా తట్టి, నాలుగు పాళ్లుగా కోసి, పెనం మీద రెండువైపులా కాలుస్తారు. ఆ ముక్కని ఫార్ల్ అంటారు. రొట్టెల పెనం ఉన్న ఇంట్లో ఇది సులువు, సన్నసెగ మీద ఒక్కోవైపు ఎనిమిది, పది నిమిషాలు.

ఏది చేసినా ఆ పూటకే రుచి. మర్నాటికి గట్టిపడుతుంది, అప్పుడు టోస్ట్. మూడో రోజుకి మిగిలితే ఆవిడ చిదిపి పెరట్లో పిచ్చుకలకి వేసేస్తుంది. నా మొదటి రొట్టె వాటికీ కొరుకుడు పడలేదు.