న్యూయార్క్‌లోని ట్రాన్స్‌మిటర్ పార్కును చూసి రావడం ఎలా?

విజయవాడ నుంచి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెద్దలకు న్యూయార్క్ అంటే సాధారణంగా టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం చూపిస్తారు. పున్నమ్మతోటలోని ఆకాశవాణి కేంద్రం వార్తలు వింటూ పెరిగినవారు మరో సాయంత్రం కేటాయించుకుని, బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున ఉన్న డబ్ల్యుఎన్‌వైసీ ట్రాన్స్‌మిటర్ పార్కుకు కూడా తప్పక వెళ్లాలని నా మనవి.

ముందుగా ఆ స్థలం చరిత్ర తెలుసుకోండి. 1924లో న్యూయార్క్ నగర ప్రభుత్వం సొంతంగా ప్రారంభించిన డబ్ల్యుఎన్‌వైసీ అనే రేడియో కేంద్రం, 1937 నుంచి 1990 వరకు ఇక్కడ నిలబెట్టిన స్తంభాల ద్వారా ప్రసారాలు సాగించింది. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేనాటికే ఇక్కడి స్తంభాలు పదేళ్లకు పైగా పనిచేస్తున్నాయి. మీడియం వేవ్‌లో స్తంభమే యాంటెన్నా అవుతుంది. దాని కింది నేలలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తే తరంగాలు అంత దూరం సాగుతాయి కాబట్టి, తడి నేలలూ ఉప్పునీటి ఒడ్డులూ అలాంటి కేంద్రాలకు అనుకూలమైనవి. పేరుకు నదే అయినా ఈస్ట్ రివర్ సముద్రపు ఆటుపోట్లకు లోనయ్యే ఉప్పునీటి పాయ.

న్యూజెర్సీ నుంచి బయలుదేరేవారు పాత్ రైలులో మన్‌హటన్ 14వ వీధికి చేరి, అక్కడ ఎల్ రైలు ఎక్కి లోరిమర్ వీధిలో దిగి, జి రైలుకు మారి గ్రీన్‌పాయింట్ అవెన్యూ స్టేషనులో దిగాలి. అక్కడి నుంచి అదే అవెన్యూ వెంట పడమరగా నీటి అంచు దాకా నడిస్తే పార్కు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఫెర్రీలో వెళ్లడం మేలు, అయితే ఆ పడవ గ్రీన్‌పాయింట్‌లో ఆగుతుందో లేదో ఎక్కేముందే అడగండి. ఆ రేవు ఉన్న వీధి పేరు ఇండియా స్ట్రీట్. అక్కడి నుంచి దక్షిణంగా రెండు వీధులు దాటితే చాలు.

2012లో తెరిచిన ఈ పార్కులో స్తంభాలు లేవు గాని, పాత ట్రాన్స్‌మిటర్ భవనం ఉంది. ఎదురుగా కనిపించే ఎంపైర్ స్టేట్ భవనం వైపు తొందరపడకుండా మొదట ఆ పాత భవనం ముందు కాసేపు నిలబడండి. ఆ తరువాత చిత్తడి నేల మీది వంతెన దాటి నీటిలోకి సాగిన పియర్ తెరిచి ఉంటే దాని మీదకు వెళ్లండి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కృష్ణ నీళ్ల మీదుగా వాలే సూర్యుడు ఇక్కడ మన్‌హటన్ మేడల వెనక్కి దిగుతాడు. జూన్‌లో ఆ దృశ్యం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో గాని కనిపించదు, కాబట్టి గాలికి శాలువా దగ్గర ఉంచుకోండి.

చిన్న ట్రాన్సిస్టర్ ఉంటే వెంట తీసుకెళ్లండి. 820 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కేంద్రం ఇప్పటికీ వినిపిస్తుంది. దాని ప్రసారం ఇప్పుడు న్యూజెర్సీలోని కెర్నీ చిత్తడి నేలల నుంచి వస్తోంది.