హెచ్4 బల్బు వేసినా హెడ్‌లైటు గుడ్డిగనే ఉందా? ముందు ఎర్త్ చూడండి

ఎంజీబీ, స్టాండర్డ్ హెరాల్డ్, ప్రీమియర్ పద్మిని, మూడూ పాత కార్లు. మూడింటికీ ఏడు అంగుళాల గుండ్రటి లైట్లే, అందుకే ఒకదాని మీద నేర్చుకున్నది ఇంకోదానికి పనికొస్తది. ఫిర్యాదు కూడా ఒక్కటే ఉంటది: "పాత డోములు (అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన లైటు గిన్నెలు) తీసేసి కొత్త హెచ్4 డోములు, 60/55 వాట్ల హాలోజన్ బల్బులు వేసినం అన్నా, అయినా లైటు పసుపుపచ్చగనే ఉంది." ఎంటనే ఎల్‌ఈడీ వేద్దామా, 100/90 వేద్దామా అని అడుగుతరు.

రెండూ వద్దు. బల్బు దాకా ఎన్ని వోల్టులు వస్తున్నయో కొలవండి. డోములకు వేలకు వేలు పెట్టినోళ్లు కూడా ఈ ఐదు నిమిషాల పని చెయ్యకుండనే వస్తరు. నాకు బాధ అక్కడనే.

కొలిచే పద్ధతి

ఇంజన్ నడుస్తుండాలె, లైట్లు వేసి ఉండాలె, బల్బు హోల్డర్‌లనే ఉండాలె. బల్బు పీకి కొలిస్తే ఎంత చెడిపోయిన వైరింగ్ అయినా 14 చూపిస్తది, అది లెక్క కాదు. హోల్డర్ వెనక నుంచి మీటరు ముళ్లు గుచ్చి, డిమ్ (కిందికి పడే లైటు) పిన్నుకూ, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే తొవ్వ) పిన్నుకూ మధ్య చూడండి. బ్యాటరీ మీద 14 ఉంటే ఇక్కడ 13.5 అయినా ఉండాలె.

11 చూపిస్తే బల్బు తప్పేం లేదు. వోల్టేజీ పదో వంతు తగ్గితే హాలోజన్ వెలుతురు దాదాపు మూడో వంతు పోతది. ఐదో వంతు తగ్గితే సగానికి పైగనే పోతది. బోరు మోటరు ఉన్న రైతుకు ఇది కొత్త సంగతి కాదు: ట్రాన్స్‌ఫార్మర్ కాడ కరెంటు బాగనే ఉంటది, సన్న వైరు మీద పొలం దాకా వచ్చేసరికి మోటరు మూలుగుతది.

పాజిటివ్ దిక్కు పోతుంటే

మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది బల్బు డిమ్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు దాటితే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) వెయ్యాలె. ఈ పాత బండ్లల్ల హెడ్‌లైటు కరెంటు మొత్తం లైటు స్విచ్, డిప్పర్ స్విచ్ (డిమ్, హై మార్చేది) తిరిగి వస్తది. డిమ్‌లనే రెండు బల్బులకు కలిపి తొమ్మిది ఆంపియర్లు దాటుతది. డిమ్‌కొకటి, హైకొకటి నాలుగు పిన్నుల రిలే పెట్టండి. రిలే మీద 30 అని రాసిన పిన్నుకు ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 87 నుంచి బల్బులకు, 85, 86లల్ల ఒకటి పాత వైరుకు, ఒకటి ఎర్త్‌కు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజ్ 20 ఆంపియర్లది, అదీ బ్యాటరీ దగ్గర్లనే. ఎంజీబీకి బ్యాటరీ సీట్ల వెనక ఉంటది కాబట్టి, స్టార్టర్ మీద బ్యాటరీ కేబుల్ వచ్చి కలిసే బోల్టు నుంచి తీసుకోండి.

ఇంతవరకు అందరూ చేస్తరు. చేసినంక కూడా కొందరికి వెలుతురు రాదు.

దొంగ కారణం: పెయింటు కింద ఎర్త్

రిలే పాజిటివ్ దిక్కునే బాగు చేస్తది. పోయిన కరెంటు తిరిగి రావాలె గదా, ఆ తొవ్వ పాతదే ఉంటది. ముఖ్యంగా టింకరింగ్, పెయింటింగ్ కొత్తగ చేయించిన బండ్లల్ల ఇది ఎక్కువ. షెడ్డుల బాడీ మొత్తం ప్రైమర్, పెయింటు కొట్టి, ఎర్త్ స్క్రూను ఆ పెయింటు మీదనే బిగిస్తరు. స్క్రూ మరలు ఎక్కడో ఒకచోట ఇనుముకు తాకుతయి. మీటరు బీప్ పెట్టి చూస్తే బీప్ అంటది, ఎలక్ట్రీషియన్ "ఎర్త్ మంచిగుంది" అంటడు. ఆ బీప్‌కు చిటికెడు కరెంటు చాలు. తొమ్మిది ఆంపియర్లు ఆ మర మీది నుంచి పోవాల్నంటే పోవు. అందుకే బీప్ నమ్మి మోసపోతరు, డోములు మార్చుకుంట పోతరు.

సరైన పరీక్ష: లైట్లు వేసి, ఎర్ర ముల్లు బల్బు ఎర్త్ పిన్ను మీద, నల్లది బ్యాటరీ నెగెటివ్ మీద. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చెడ్డదే. 1967కు ముందటి ఎంజీబీలల్ల పాజిటివ్ బాడీకి కలిపి ఉంటది. అక్కడ బ్యాటరీ వైర్లు కదపొద్దు, కొలిచేటప్పుడు నేను నెగెటివ్ అన్నకాడ పాజిటివ్ మీద, పాజిటివ్ అన్నకాడ నెగెటివ్ మీద ముల్లు పెట్టండి.

మీటరు లేకున్నా గుర్తులున్నయి. ఇండికేటర్ కొట్టుకున్నప్పుడల్లా హెడ్‌లైటు కూడా అదిరితే ఎర్తే. డిమ్ వేస్తే ఒక దిక్కు బల్బుల రెండు ఫిలమెంట్లూ సన్నగ ఎర్రగ వెలిగి, డాష్‌బోర్డుల హై బీమ్ నీలం లైటు మసకగ కనబడితే, ఆ దిక్కు ఎర్త్ పూర్తిగ పోయింది. కరెంటు హై ఫిలమెంటుల నుంచి దొడ్డిదారిన అవతలి బల్బు ఎర్త్ వెతుక్కుంటుంది.

బాగు చేసేది ఎట్లనంటే: రెండు హోల్డర్ల నుంచి చెరొక 2.5 నల్ల వైరు తియ్యండి. బ్యాటరీ ముందర ఉంటే నేరుగా నెగెటివ్‌కే, లేకుంటే ముందు బాడీల ఒక మంచి బోల్టుకు. ఆ బోల్టు చుట్టూ పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడాలె. వైరు కొసకు తింబుల్ (లోహపు రింగు) వేసి నొక్కి, పళ్ల వాషర్ వేసి బిగించినంకనే మీద వాసెలిన్ పూయండి. తర్వాత బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి పోయే పట్టీలను కూడా ఇప్పి, శుభ్రం చేసి బిగించండి. ఫైబర్ బాడీ సిపానీ డాల్ఫిన్ లాంటిదైతే బాడీల కరెంటే పారదు, వైరు ఛాసిస్ దాకా పోవాల్సిందే.

మిగతావి

రిఫ్లెక్టర్ల వెండి పూత పోతే డోము మార్చుడే. ఆల్టర్నేటర్ కాకుండ డైనమో ఉన్న పాత బండికి ఐడ్లింగ్‌ల లైటు తగ్గుడు సహజం, అది రోగం కాదు. రిలేలు వేసినంక డిప్పర్ స్విచ్ సంగతి పెద్దగ పట్టించుకోనక్కర లేదు. 100/90 బల్బులు హోల్డర్లను కరిగిస్తయి. హెచ్4 డోముల ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుతురు చెదిరి ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల పడతది.

విదేశం నుంచి డోములు తెప్పిస్తే ఒక్కటి చూసుకోండి. మనం ఎడమ దిక్కు నడుస్తం, డిమ్ వెలుతురు ఎడమ అంచున పైకి లేవాలె. అమెరికా డోములు కుడి అంచు కోసం చేసినయి. వడ్ల సీజన్‌ల మిర్యాలగూడ, హాలియా దిక్కు రోడ్డు ఎడమ సగం వడ్లుంటయి, చుట్టూ రాళ్లుంటయి. ఆ రాళ్లు కనబడాల్నంటే ఎడమ అంచు వెలుతురే దిక్కు. గోడకు 10 మీటర్ల దూరంల బండి నిలబెట్టి, డిమ్ గీత బల్బు ఎత్తు కన్న 10 సెంటీమీటర్లు కిందికి వచ్చేదాకా స్క్రూలు తిప్పండి. టైర్ల గాలి సరిచేసి, డ్రైవర్ సీట్ల మనిషిని కూర్చోబెట్టినంకనే ఈ పని చెయ్యండి.