ఇంటి పూత పాఠాలు – 4: వంటింటి ఇటుక గోడకు ఏ పూత?

మూడో పాఠం చదివి పని మొదలుపెట్టిన చాలామందికి ఒకే ఇబ్బంది వచ్చింది. పూత ఆరాక వేలితో తట్టి చూస్తే లోపల బోలుగా మోగుతోంది, అంటే పూత ఇటుకకు అంటుకోలేదన్నమాట. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కొట్టేముందు గోడ తడపమని ఆ పాఠంలో అన్నాను. కొందరు చెంబెడు నీళ్లు చిలకరించి సరిపెట్టారు. మరికొందరు గొట్టం పెట్టి, గోడ కారుతుండగానే మాలు కొట్టారు. పొడి ఇటుక మాలులోని నీటిని లాగేసుకుంటుంది, ఇక సిమెంటు గట్టిపడటానికి నీళ్లు మిగలవు. కారే గోడకేమో మాలు పట్టుకోక జారుతుంది. ముందు రోజు సాయంత్రమే బాగా తడిపి, ఉదయం చేత్తో నీళ్లు చల్లి చూడండి. చుక్క పడగానే ఇంకిపోతే మళ్లీ తడపాలి. ఇటుక ముదురు రంగులో ఉండి, పైన నీటి మెరుపు లేకుంటే తాపీ పట్టవచ్చు. బోలు మోగిన చోట పైపైన మెత్తకండి, ఇటుక కనిపించేదాకా చెక్కేయండి.

గొట్టాలు, స్విచ్చు పెట్టెలు బిగించే ఉంటారు. ఇక ఏ పూత అన్నది గోడను బట్టి తేల్చుకోవాలి. సింకు గోడకు 1:4 పాళ్లలో సిమెంటు, ఇసుక. మిగతావాటికి 1:5 చాలు, మందం 12 నుంచి 15 మిల్లీమీటర్లు. ఇటుకలు వంకరగా ఉండి 20 దాటాల్సి వస్తే రెండు పూతలుగా వేయండి. సిమెంటు మాలుకు బదులు వాడే జిప్సం పూత తెల్లగా, నున్నగా వస్తుంది, పూశాక రోజూ తడపాల్సిన పనీ లేదు. కానీ నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. సింకుకు దూరంగా ఉన్న గోడకైతే అభ్యంతరం లేదు. నేనైతే వంటింట్లోకి రానివ్వను.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం: నునుపు కోసం పచ్చి పూత మీద పొడి సిమెంటు చల్లడం. పైనున్న చెమ్మ త్వరగా పీల్చి పని తొందరగా అవుతుందని మేస్త్రీలు కొందరు చేస్తారు. అలా చేస్తే పైపొరలో సిమెంటు ఎక్కువై, కింది పొరకంటే ఎక్కువ కుంచించుకుంటుంది. సాలెగూడులాంటి సన్న పగుళ్లు అందుకే వస్తాయి. పొయ్యి వెనకా, సింకు వెనకా టైల్స్ అంటించే గోడకైతే ఇది మరీ అనవసరం. నున్నటి పూతను టైల్స్ సరిగా పట్టుకోవు, కాబట్టి అక్కడ నునుపే శత్రువు. పచ్చిగా ఉండగానే తాపీ కొసతో అడ్డదిడ్డంగా గీతలు గీసి వదిలేయండి. రంగు వేసే గోడకు చెక్క తాపీతో రుద్దితే చాలు. మాలు మరీ పలచగా ఉంటే కాసేపు ఆగండి, పొడి చల్లకండి. మరోసారి కలిపేటప్పుడు నీళ్లు తగ్గించండి. అరగంటలో వాడగలిగినంతే కలపండి.

సాధన: టైల్స్ వచ్చే చోట మీటరు పొడవు, మీటరు ఎత్తు పూయండి. ఏడు రోజులు ఆరనివ్వకుండా తడపండి. ఎనిమిదో రోజు అంగుళం అంగుళం తట్టి, బోలు ఉన్నచోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. అరచేతికి మించిన గుర్తు ఒక్కటున్నా మొత్తం చెక్కి మళ్లీ పూయండి. అది కుదిరాకే మిగతా గోడ జోలికి వెళ్లండి.