నీళ్ళ బెలూన్ పగిలే క్షణాన్ని ఫొటో తీయడం ఎలా

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి నా కెమెరాకు కాస్త తీరిక. ఆ నెలంతా గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీది గదిలో నేనూ, పదేళ్ళ నా మేనకోడలూ కలిసి నీళ్ళ బెలూన్లు పగలగొడుతుంటాం. రబ్బరు ఊడిపోయాక కూడా నీళ్ళు బెలూన్ ఆకారంలోనే గాలిలో నిలబడి ఉండే ఆ క్షణం కోసం.

పగిలిన చప్పుడు విని బటన్ నొక్కితే ఖాళీ ఫ్రేమే వస్తుంది. మన వేలు కదిలేసరికే ఆలస్యం, ఆపైన షట్టర్ తెరుచుకోవడానికి ఇంకొంత ఆలస్యం. అందుకని షట్టర్‌ని ముందే తెరిచిపెట్టి, చప్పుడుతో ఫ్లాష్‌ని వెలిగించాలి. గది చీకటిగా ఉంటే రెండు సెకన్లు తెరిచి ఉంచినా ఏమీ పడదు. ఫ్లాష్ వెలిగిన ఆ రెప్పపాటే ఫొటో. 1957లో పాలచుక్క చిందిన కిరీటాన్ని ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ పట్టుకున్నదీ ఫ్లాష్‌తోనే.

కెమెరా మీద పెట్టుకునే మామూలు ఫ్లాష్ చాలు. ఫుల్ పవర్‌లో అది దాదాపు 1/1000 సెకను వెలుగుతుంది, అంతసేపు వెలిగితే నీటి అంచులు చెదిరిపోతాయి. మాన్యువల్‌లో పెట్టి 1/64కి తగ్గించండి. పవర్ తగ్గేకొద్దీ వెలిగే సమయం కూడా తగ్గుతుంది, సుమారు 1/20000 సెకను దాకా వస్తుంది. వెలుతురు చాలకపోతే పవర్ పెంచకండి, ఫ్లాష్‌ని బెలూన్‌కి పక్కగా అరమీటరు దూరానికి జరపండి. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్) మోడ్ ఆపేయండి, అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక వరసగా మెరుస్తూ ఎక్కువసేపు వెలుగుతుంది. ఫ్లాష్ నిద్రపోయే సెట్టింగ్ కూడా తీసేయండి, లేకపోతే అసలు సమయానికి వెలగదు. కెమెరా మాన్యువల్ ఫోకస్, ఎఫ్/11, ఐఎస్ఓ 400. టార్చి వేసి బెలూన్ మీద ఫోకస్ చేశాక ఇక లెన్స్ ముట్టుకోవద్దు.

చప్పుడు వినడానికి ఆర్డుయినో (మనం కోడ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), మైకు ఉన్న సౌండ్ సెన్సర్ మాడ్యూల్. ఆర్డుయినో పిన్ నుంచి 330 ఓమ్స్ రెసిస్టర్ మీదుగా 4ఎన్35 ఆప్టోకప్లర్ (రెండు సర్క్యూట్లను తీగతో కలపకుండా, కాంతితో పనిచేసే స్విచ్ చిప్) 1వ కాలుకి, 2వ కాలు గ్రౌండ్‌కి. అవతల 5వ కాలు ఫ్లాష్ మధ్య కాంటాక్ట్‌కి, 4వ కాలు ఫ్లాష్ పాదం అంచున ఉండే గ్రౌండ్ కాంటాక్ట్‌కి. అయితే ముందు మల్టీమీటర్‌తో ఫ్లాష్ ఆ రెండు కాంటాక్ట్‌ల మధ్య వోల్టేజి చూడండి. పాత ఫ్లాష్‌లలో 200 వోల్టులు దాటి ఉండేవి ఉన్నాయి, ఈ ఆప్టోకప్లర్ 30కి మించి తట్టుకోదు. ఫ్లాష్‌ని మాత్రం ఎప్పుడూ విప్పకండి, లోపలి కెపాసిటర్ ప్రాణం తీయగలదు.

కోడ్‌లో ఒకసారి వెలిగాక రెండు సెకన్లు మళ్ళీ వెలగకుండా ఆపాలి. మొదటి రాత్రి నేనది రాయలేదు. బెలూన్ చప్పుడుకి ఒకసారి, నీళ్ళు బేసిన్‌లో పడ్డ చప్పుడుకి ఇంకోసారి వెలిగి, ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు కలిసిపోయాయి. పదకొండు బెలూన్లు వృథా.

కిటికీకి దుప్పటి కట్టండి. ఇన్వర్టర్ మీద, స్టెబిలైజర్ మీద వెలిగే చిన్న లైట్లకు నల్ల టేపు అంటించండి. ఫ్యాన్ గాలి తగిలినా మైకు ఉలిక్కిపడుతుంది, ఆపేయాల్సిందే. జూలైలో ఆ ఉక్కపోతకి ఐదు బెలూన్లకోసారి తలుపు తీస్తాం. ఫ్లాష్‌కి పల్చటి పాలిథిన్ కవరు తొడగండి. కర్ర చివర గుండుసూది గుచ్చి ఆ పిల్ల చేతికిస్తాను. నేను షట్టర్ నొక్కి "ఊఁ" అనగానే పొడుస్తుంది.

ఏ క్షణం దొరకాలన్నది మైకు దూరాన్ని బట్టి ఉంటుంది. మన ఎండల్లో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది, అంటే 35 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను. మైకు బెలూన్ పక్కనే ఉంటే రబ్బరు సగం చీలి ముడుచుకుంటూ కనిపిస్తుంది. కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ పోతే రబ్బరు మాయమై నీళ్ళే మిగులుతాయి. ఆ నీళ్ళ మీద రబ్బరు జారిన చోట సన్నటి గీతలు, చర్మం మీద ముడతల్లా. "మామయ్యా, నీళ్ళకి చలేసింది!" అంది మా పిల్ల మొదటిసారి చూసి.

పచ్చిమిర్చి నీళ్ళలో పడేది తీయాలంటే చప్పుడు పనికిరాదు. లేజర్ కాంతికి ఎదురుగా ఫోటోట్రాన్సిస్టర్ (వెలుతురు పడటం, ఆగడం వెంటనే పసిగట్టే సెన్సర్) పెట్టాలి. ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి మారే రెసిస్టర్) వద్దు, అది మెల్లగా స్పందిస్తుంది. మిర్చి కొన నీటికి 45 సెంటీమీటర్ల పైన ఉండేలా వదిలి, లేజర్ గీత 20 సెంటీమీటర్ల పైన ఉంచితే, గీత తెగిన 77 మిల్లీసెకన్లకు కొన నీటిని తాకుతుంది. కోడ్‌లో ఫ్లాష్ ఆలస్యాన్ని అక్కడ మొదలుపెట్టి ఐదేసి మిల్లీసెకన్లు పెంచండి. మా బల్ల మీద 95 దగ్గర మిర్చి సగానికి పైగా మునిగి, తొడిమ చుట్టూ నీళ్ళు గిన్నెలా లేచాయి.